ఇంటిబండి పైపూతయు లోపూతయు

గడచిన జూను మాసమున మన పాఠశాల ఆవరణలోనికి ఒక క్రొత్త మోటారు బండి వచ్చిన సంగతి చదువరులలో చాలమంది ఎరిగినదే. సంఘస్థుల కానుకలతోను పూర్వవిద్యార్థుల చందాలతోను కొనబడిన యీ బండి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల గ్రామములలో వైద్యశిబిరములు జరుపుటకును, పుస్తకములు పంచుటకును ఏర్పడినది. రాత్రి బసకు చోటు దొరకని యూళ్లలో ఇద్దరు పండుకొనుటకు అందులో మడత పరుపులును, ఒక చిన్న గ్యాసు పొయ్యియు, నీళ్లతొట్టియు, బట్టతో కుట్టిన మెత్తని ఆసనములును కలవు. ఇట్టిదానిని క్యాంపర్ వ్యాన్ అందురు. మన పిల్లలు మొదటి దినముననే దానికి ఇంటిబండి యని పేరు పెట్టిరి. ఆ పేరే నిలిచినది.

బండి నప్పగించిన దినమున విక్రయశాలనుండి వచ్చిన యువకుడు మరి రెండు పూతలను గూర్చి చెప్పెను. వెలుపలి రంగునకు సిరామిక్ పూత యొకటి. లోపలి ఆసనములకు మరక పట్టని పూత యొకటి. రెండును వేయించుకొన్నయెడల ఐదేండ్లవరకు బండిని గూర్చి చింతింప నక్కరలేదని యతడు నమ్మకముగా పలికెను. అతడు చెప్పిన వెల ఒక ఉపాధ్యాయుని నెల జీతమునకు మించియుండెను. సంఘపు పెద్దలలో నొకరు, దేవుని పనికై యిచ్చిన వస్తువును కాపాడుటకు వెనుదీయరాదనిరి. వేరొకరు, ఆ సొమ్ముతో ఎన్ని కుటుంబములకు మందులు వచ్చునో లెక్కచూడుడనిరి. ఇద్దరి మాటయు న్యాయమే. తుదకు అందరును మావైపు తిరిగి, "మీరు సైన్సు చెప్పువారు గదా అయ్యగారూ, ఆ పూత ఏమి చేయునో మీరే చెప్పుడు" అనిరి.

ఆ దినమున మాకు సమాధానము తెలియలేదు. రెండు వారముల గడువడిగి, పుస్తకములు చదివి, హనుమకొండలో బండ్లకు రంగు వేయు షెడ్డునకు పోయి పనివారి నడిగి, తొమ్మిదవ తరగతి పిల్లలతో కొన్ని పరీక్షలు చేసి తెలిసికొన్న సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాము. తమ యింట క్రొత్తగా కారో, ట్రాక్టరో, మోటారు సైకిలో కొన్న తలిదండ్రులకు గూడ ఇవి పనికివచ్చును.

మన తాతలకు ఇంటిబండి వింత కాదు. వెదురు బద్దలను వంచి చాపలు కప్పిన గూడుబండిలో వండుకొనుటకు గిన్నెలు, పండుకొనుటకు గడ్డి, ఎడ్లకు మేత వేసికొని మేడారము జాతరకు దినములకొలది ప్రయాణము చేసిన కుటుంబములు మన ప్రాంతమున లెక్కకు మిక్కిలి. 1912 వ సంవత్సరము డిసెంబరు 29 వ తేదీన కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పయిన అజరయ్యగారు, నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న దోర్నకల్లునుండి బయలుదేరి ఎడ్లబండిమీద గ్రామములు తిరిగినవారే. ఆ కాలపు బండికి పూత అనగా ఇరుసునకు కందెన, తోలు వస్తువులకు ఆముదము. చెప్పులకు ఆముదము రాచి ఎండలో పెట్టిన తాతలను చూచినవారు నేటికిని కలరు. ఇంకను వెనుకకు పోయిన, నోవహు ఓడకు లోపటను వెలుపటను కీలు పూయబడిన సంగతి ఆదికాండమున నున్నది. ఆ కీలు అందమునకు కాదు, నీటిని ఆపుటకు. ఏ పూతను గూర్చియైనను మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న యిదియే: ఇది దేనిని ఆపుటకు?

దానికి ముందు, మనము కాపాడదలచిన రంగు ఎట్టిదో చూతము. బండి యుక్కు రేకును శుభ్రపరచి మొదట ఫాస్ఫేటు లవణపు పొర పట్టింతురు. పిమ్మట బండి గూటి నంతటిని రంగుతొట్టిలో ముంచి విద్యుత్ప్రవాహము పంపగా, మూలమూలలకును రంగు అంటుకొనును. తుప్పును ఆపునది ముఖ్యముగా ఈ పొరయే. దానిమీద ప్రైమరు, ప్రైమరుమీద మన కంటికి కనబడు రంగు, ఆ రంగుమీద నీటివలె స్వచ్ఛమైన వార్నిషు పొర వేయుదురు. ఈ కడపటిదానిని క్లియర్ కోట్ అందురు. మన మెరుపంతయు దానిదే. ఇన్ని పొరలను కలిపినను మందము సుమారు 100 మొదలు 150 మైక్రానులు మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రానుల లావుండును గనుక, లక్షలు పోసి కొన్న బండికి ఎండకును వానకును అడ్డముగా నిలిచినది రెండు వెంట్రుకల మందపు తెర. అందులో క్లియర్ కోట్ పాలు 40 లేక 50 మైక్రానులు. గీతలు పోగొట్టుటకు పాలిషు పట్టించిన ప్రతిమారును ఈ పొరలోనే కొంత అరిగిపోవును. కావున పాలిషు పండుగపండుగకు చేయించుకొనదగిన ముచ్చట కాదు. ఈ సంగతి తెలిసినప్పుడు తరగతిలోని పిల్లలు తమ వెంట్రుక నొకదానిని పెరికి వ్రేళ్లమధ్య నలిపి చూచుకొనిరి.

ఇక ఈ తెరకు శత్రువులెవరు? మన బండి తిరుగు మూడు జిల్లాలలో మూడు విధములుగా నున్నారు.

జనగామ ప్రాంతమున మొరము దుమ్మును, బోరు నీరును. అక్కడి నీరు అనేక చోట్ల కఠినజలము. ఆ నీటితో కడిగి ఎండలో వదలివేసిన బండిమీద నీరు ఆవిరియై సున్నపు మచ్చలు మిగులును. అవి తొలిదినములలో తడిబట్టకు పోవును. వారములు గడచిన పిమ్మట వెనిగరు కలిపిన నీటితో మెత్తగా తుడిచినగాని పోవు. ఇంకను ఆలస్యమైనచో క్లియర్ కోట్ లో ముద్రవేసికొని కూర్చుండును.

మహబూబాబాదువైపున మన డ్రైవరు బండిని చింతచెట్ల నీడను నిలుపుట అలవాటు. మనుష్యులకు నీడ మేలే గాని బండి రంగునకు పక్షులవలన ముప్పు. పిట్టల రెట్టలో యూరికామ్లము మొదలగునవి కలవు. ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోట్ మీద రెట్ట పడి, గట్టిపడి, ముడుచుకొనునప్పుడు దాని క్రిందనున్న పొర గూడ రూపు చెడును. చూచిన వెంటనే తడిబట్ట వేసి నానబెట్టి తీయవలయును, గోటితో గీరరాదు. మిరప కోతల కాలమున అక్కడి గాలిలో ఎగురు ఘాటు దుమ్ము రంగునకు చేయు హాని స్వల్పము. ఆసనములకు చేయునది మాత్రము స్వల్పము కాదు. దానిని ముందు చెప్పెదము.

భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ సింగరేణివారి బొగ్గు గనులును, చెల్పూరునొద్ద 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమును కలవు. బొగ్గు స్వతః మెత్తనిది. పలకమీద గీసిన నల్లని చార మిగులును గాని పలక గీచుకొనదు. గని దారులలో లేచు దుమ్ము మాత్రము బొగ్గొక్కటియే కాదు, బొగ్గుపొరల నడుమనుండు ఇసుకరాతి పొడి దానితో కలిసియుండును. పొడిబొగ్గు మండగా మిగులు బూడిదలో సిలికా, అల్యూమినాలతో నైన కంటికానని గాజు గోళీలుండును. బండిమీద పడినప్పుడు ఇదంతయు పౌడరువలె మెత్తగా, నిరపాయముగా కనబడును.

ఈ రూపమే మమ్ము మోసగించినది. గడువడిగిన రెండవ వారమునందే భూపాలపల్లి శిబిరమునుండి రాత్రి తిరిగివచ్చితిమి. మరునాటి ఉదయమున పెద్దలు బండి చూడవత్తురని తెలిసి, నీళ్లు తెచ్చుటకు బద్ధకించి, పొడి తువాలుతో మేమే బానెట్టు తుడిచితిమి. తళతళలాడినది. తొమ్మిది గంటల యెండ దానిమీద పడగానే సాలెగూడు పరచినట్లు గుండ్రని గీతలు వేలకొలది కనబడినవి. ఏడవ తరగతి బాలుడొకడు వచ్చి, "సార్, ఎవరు గీకిండ్రు?" అని అడిగెను. మేము చెప్పితిమి, మేమే యని. ఆ గీతలు నేటికిని బానెట్టు కుడిసగమున కలవు. క్రొత్తగా చేరిన పిల్లలకు చూపుటకు పనికివచ్చుచున్నవి.

అయితే ఆ దినమున సిరామిక్ పూత ఉండినయెడల బానెట్టు బ్రదికియుండెడిదా? మా పరిశోధన అంతయు ఈ ప్రశ్నచుట్టునే తిరిగినది.

సిరామిక్ పూత డబ్బాలమీద 9హెచ్ అను గురుతు తరచుగా కనబడును. వజ్రమునకు 10, దీనికి 9 అని వినువారు భ్రమపడుట సహజము. మేము గూడ భ్రమపడితిమి. రాళ్ల కాఠిన్యమును కొలుచు మోస్ కొలబద్దలో వజ్రము 10 నిజమే. కాని 9హెచ్ లోని హెచ్ పెన్సిలుది. డ్రాయింగు తరగతిలో మీరు వాడు హెచ్‌బి, 2హెచ్ పెన్సిళ్ల వరుసలో మిక్కిలి గట్టిది 9హెచ్. పూతమీద ఒక్కొక్క పెన్సిలును నిర్ణీతమైన ఒత్తిడితో, వాలుగా పెట్టి గీసి, ఏ పెన్సిలుదాక గీత పడలేదో చూతురు. 9హెచ్ పెన్సిలుకును గీత పడని పూతకు 9హెచ్ అని పేరిడుదురు. పెన్సిలు ములికి గ్రాఫైటు, బంకమన్నుల మిశ్రమము. మన దారుల ఇసుకలోనిది పలుగురాయి. మోస్ కొలబద్దమీద దానికి 7. మన గోటికి రెండున్నర, కిటికీ గాజునకు అయిదున్నర. గాజునే గీయగల పలుగు, పెన్సిలును ఓర్చుకొన్న పూతను గీయకుండునా? మేము తరగతిలో ఒక పాత గాజు పలకమీద 9హెచ్ పెన్సిలుతోను, పిమ్మట పలుగురాతి మొనతోను గీయించితిమి. మొదటిది గాజును ఏమియు చేయలేదు. రెండవది గీచెను. ఇంతకంటె పాఠ మక్కరలేదు.

కాబట్టి ఆ పూత ఉండినను మా పొడి తువాలు పాపమును అది మోయకుండెడిది. పూత మందము ఒకటి రెండు మైక్రానులకు మించుట అరుదు. మెత్తని బట్ట రాపిడిని కొంత ఓర్చును. ఇసుకను ఓర్చలేదు, రాతిదెబ్బను అసలే ఓర్చలేదు.

ఇట్లు చెప్పి ఆ పూత వట్టి మోసమనుట అన్యాయము. సిలికా సంబంధమైన ఆ ద్రవము క్లియర్ కోట్ తో గట్టిగా అంటుకొని, పలుచని గాజువంటి పొరయగును. మురికి దానికి అంత సులభముగా పట్టదు. పిట్ట రెట్టకు రంగును అందుకొనుటకు మరికొంత కాలము పట్టును. నీరు బొట్లుబొట్లుగా జారిపోవును. తామరాకుమీద నీటిబొట్టు నెరుగని తెలుగువాడు లేడు. ఆ యాకు నిర్మలత్వమునకు కారణమును జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్త్లాట్ సూక్ష్మదర్శినితో పరిశోధించెను. 1997 లో తన సహచరునితో ప్రకటించిన వ్యాసమువలన అది లోకప్రసిద్ధమైనది. ఆకుమీద మైనము పూసిన సన్నని బొడిపెలుండును; నీటిబొట్టు వాని కొనలమీదనే నిలిచి, దొర్లుచు దుమ్మును తనతో కొనిపోవును. తామరాకుమీద బొట్టు ఇంచుమించు పూర్ణగోళము. సిరామిక్ పూతమీద నది అర్ధగోళముకంటె కొంచెము ఎక్కువ. దొర్లక నిలిచిన బొట్టు ఎండిన యెడల, మన కఠినజలము పుణ్యమా యని బొట్టుకొక సున్నపు చుక్క మిగులును. కావున పూత వేసిన బండిని కడిగి తుడువక వదలుట, పూత లేని బండిని వదలుటకంటె మంచిదని చెప్పుటకు లేదు.

పెన్సిలు సంగతి విన్న పిమ్మట ఒక విద్యార్థి తండ్రి, జనగామ ప్రక్కనున్న పెంబర్తి గ్రామమువారు, ఇత్తడిని గూర్చి ఒక మంచి మాట చెప్పిరి. పెంబర్తి కంసాలుల రేకు పని పేరుగలది. కొయ్య రథములకు, ద్వారములకు ఇత్తడి రేకు తొడుగుట వారి ప్రాచీన విద్య. రథమునకు రేకు తొడిగిన పిమ్మట ఎండయు వానయు కొయ్యకు తగులవు, ఇత్తడికే తగులును. ఇత్తడిని చింతపండుతో తోముకొనవచ్చును, కొయ్యను తోమలేము. "అయ్యగారూ, పైపూత అనగా తోముకొనుటకు వీలైన దానిని పైన పెట్టుటయే" అని వారనిరి. సిరామిక్ పూతకంటె మైనమును గూర్చి మమ్ము ఆలోచింపజేసినది ఈ మాటయే.

మైనపు పూత అన్నిటిలో చవుకయైనది, అల్పాయువు గలది. బ్రెజిలు దేశపు తాళజాతి చెట్టు ఆకులనుండి తీయు కర్నౌబా మైనము వీనిలో శ్రేష్ఠము. 80 డిగ్రీలు దాటినగాని కరుగదు. మన యడవుల తేనెమైనము 62 మొదలు 64 డిగ్రీలకే కరుగును గనుక ఏప్రిలు ఎండలో కాలు రేకుమీద నిలువదు. మన బండి తెల్లనిదగుట మేలైనది. నల్లని రేకు దానికంటె ఎంతో ఎక్కువగా కాగును. మైనపు పూత కొన్ని వారములకో, రెండు మూడు మాసములకో పోవును, మరల పూయవలయును. పూయుటకు యంత్రము గాని నేర్పరి గాని అక్కరలేదు. శుభ్రముగా కడిగిన బండియు, నీడయు, మెత్తని బట్టయు, పది చేతులును చాలును. పాఠశాలలో చేతులకు కొదువ లేదు.

రాతిదెబ్బకు మాత్రము మందు ఒక్కటే: పాలీయురిథేను ఫిల్ము. దీని మందము 150 మొదలు 200 మైక్రానులు. అనగా క్రిందనున్న రంగు పొరలన్నిటికంటె దట్టమైనది. బొగ్గు లారీ వెనుక పోవునప్పుడు ఎగిరివచ్చు కంకరను ఇది రబ్బరువలె ఓర్చును. బండి యంతటికి అంటించుటకు వెల మిక్కిలి యెక్కువ. రాళ్లు తగులునది బానెట్టు ముందంచునకును, చక్రముల వెనుకనున్న రేకునకును గదా, అంతమట్టుకు చాలును.

ఇక బండి లోపలికి పోదము. ఇక్కడ మాకు వెలుపటికంటె ఎక్కువ భయము కలిగినది. ఏలయనగా ఆ ఆసనములమీద జ్వరముతోనున్న పసిబిడ్డలు పండుకొందురు, తల్లులు వారికి పాలిత్తురు.

మొదట పిల్లలతో చేసిన పరీక్ష చెప్పెదము, ఇంటనైన చేయదగినది. ఒక నూలుగుడ్డను రెండు ముక్కలు చేయుడు. బట్టల సబ్బును తురిమి వేడినీట కరగించి, ఒక ముక్కను అందులో నానబెట్టి పిండుడు. పిమ్మట పటిక కరగించిన నీట దానిని ముంచి ఆరవేయుడు. సబ్బును పటికయు కలిసి, నీట కరుగని అల్యూమినియము సబ్బై నూలుపోగులమీద పేరుకొనును. ఆరిన తరువాత రెండు ముక్కలమీదను చుక్క నీరు వేసి చూడుడు. మామూలు గుడ్డ త్రాగివేయును. పటిక పట్టిన దానిమీద చుక్క నిలుచును. పిల్లల కేకలకు ప్రక్క తరగతి పంతులమ్మగారు వచ్చి చూచిరి. తరువాత ఒక బాలిక తన టిఫిను డబ్బాలోని మామిడికాయ పచ్చడి నూనె చుక్కను దానిమీద వేసినది. అది క్షణములో ఇంకిపోయినది. మేము ఉద్దేశింపని పరీక్ష యది; అన్నిటికంటె ఉపయోగపడినది అదియే.

నీటిని నిలుపుట తేలిక, నూనెను నిలుపుట కష్టము. మన వంటల మరకలన్నియు నూనె మరకలే. మిరపపండు ఎరుపు నూనెలో కరుగును, నీటిలో కరుగదు. కావున శిబిరమునకు వచ్చిన మిరప కూలీల బట్టల దుమ్ము పొడిగా నున్నంతవరకు దులుపుకొనవచ్చును, నూనె చేయి తగిలినదా, మరక నిలుచును. నీటిని నూనెను రెంటిని త్రోయు పూత అమెరికాలో అనుకోకుండ దొరికినది. 1953 లో త్రీఎమ్ సంస్థ ప్రయోగశాలలో పాట్సీ షెర్మన్ అను రసాయనశాస్త్రజ్ఞురాలు పనిచేయుచుండగా, ఒక ద్రవపు చుక్కలు సహాయకురాలి గుడ్డ బూటుమీద పడినవి. కడిగినను పోలేదు, నీరుగాని నూనెగాని ఆ చోట అంటలేదు. శామ్యూల్ స్మిత్ అను సహచరునితో కలిసి ఆమె దానిని వృద్ధిచేయగా 1956 లో స్కాచ్‌గార్డ్ అను పేర విపణికి వచ్చినది. ఆ గుణమునకు మూలము ఫ్లోరిను, కార్బనుల బంధము. అది రసాయనశాస్త్రమున మిక్కిలి దృఢమైన బంధములలో నొకటి.

ఆ దార్ఢ్యమే పిమ్మట దోషమైనది. ఆ జాతి పదార్థములు మట్టిలోను నీటిలోను శిథిలము గాక నిలిచిపోవుటయు, మనుష్యుల రక్తములో కనబడుటయు తెలియవచ్చినది. స్కాచ్‌గార్డ్ లో వాడిన పదార్థపు తయారీని మానుకొందుమని 2000 సంవత్సరమున ఆ సంస్థయే ప్రకటించినది, పి.ఎఫ్.ఓ.ఎస్. అను దానిని 2009 లో స్టాక్‌హోమ్ ఒడంబడికలో నిర్బంధముల క్రిందికి తెచ్చిరి. ఫ్లోరిను మాట వినగానే నల్లగొండ పొరుగువారమైన మనకు వంకరపోయిన ఎముకలు జ్ఞప్తికి వచ్చును. ఆ వ్యాధికి కారణము బావినీటిలోని ఫ్లోరైడు లవణము. అది వేరు, ఇది వేరు. రెంటిని కలిపి భయపడరాదు. ఐనను నేటి పూతలలో కొన్ని ఫ్లోరినుతోను కొన్ని అది లేకయు చేయబడుచున్నవి గనుక, అందులో ఏమున్నదని విక్రయశాల యువకుని అడిగితిమి. అతడు మర్యాదగానే, తనకు తెలియదనెను. డబ్బామీద గూడ వ్రాసి లేదు. ఏమున్నదో చెప్పలేని పూతను పసిబిడ్డ పండుకొను చోట చల్లుటకు మా మనసొప్పలేదు. ఇట్టి పూతలలో నిప్పంటుకొను ద్రావకములు గూడ ఉండవచ్చును. ఎవరైన చల్లించుకొనిన యెడల తలుపులన్నియు తెరచి, గ్యాసు పొయ్యిని ముట్టక, వాసన పూర్తిగా పోవువరకు బండిలో పండుకొనకుండుట తప్పనిసరి.

ఆసనముల కేమి చేసితిమందురా? మన దర్జీ అమ్మగారు ముదురు రంగు దట్టపు నూలుబట్టతో విప్పి ఉతుకదగిన తొడుగులు కుట్టిరి, రెండు జతలు. మొదటి శిబిరముననే సాంబారు ఒలికి పసుపు మరక పడినది. సహాయకు డొకడు సబ్బు రుద్దగా మరక ఎర్రబడెను. రక్తమనుకొని అతడు బెదరెను. పసుపులోని కర్క్యుమిను క్షారము తగిలిన ఎర్రనగునని ఎనిమిదవ తరగతిలోనే చదివియుండియు మరచిన ఫలము. ఉతికి ఎండలో ఆరవేయగా రెండు మూడు దినములలో ఆ మరక వెలిసిపోయినది; ఎండ బండి రంగునకు శత్రువైనను పసుపు మరకకు చాకలి. డ్రైవరు ఆసనము రెగ్జిను. దానికి కొబ్బరినూనె రాయుట పలువురి అలవాటు. అది దుమ్మును పట్టి జిడ్డుగట్టును. ఆముదము తోలు చెప్పునకు మందు గాని రెగ్జినుకు కాదు. అంగడిలో దొరకు మెరుపు ద్రవములలో కొన్ని జారుడు కలిగించును గనుక స్టీరింగునకును పెడళ్లకును ఎన్నడును రాయరాదు. తడిబట్ట చాలును.

వానకాలపు బూజును గూర్చి ఒక్కమాట. ఇద్దరు మనుష్యులు తలుపులు బిగించుకొని పండుకొన్న బండిలో తెల్లవారునప్పటికి అద్దముల లోపలివైపున నీరు కారుచుండును. అది వాన కాదు, వారి ఊపిరి. అదే తేమ పరుపు అడుగున చేరి బూజగును. దీనిని ఏ పూతయు ఆపదు. దోమతెర కట్టిన కిటికీ నొక బెత్తెడు తెరచుటయు, ఉదయమున పరుపు నిలువబెట్టుటయు మాత్రమే ఆపును.

రెండు వారముల పిమ్మట పెద్దలకు మేము చెప్పినది ఇది: సిరామిక్ పూత వద్దు, లోపలి పూత వద్దు, బానెట్టు అంచునకును చక్రముల వెనుకకును ఫిల్ము వేయింతము, మైనము పిల్లలు పూయుదురు, మిగిలిన సొమ్ము మందులకు పోవును. అందరును ఒప్పుకొనిరి, ఒకరు తప్ప. దేవుని వస్తువని మొదట పలికిన పెద్దమనిషి, "పిల్లలు నేడు ఉత్సాహముగా కడుగుదురు, పరీక్షల కాలమున ఎవరు కడుగుదురు?" అని అడిగిరి. ఆ మాటకు మాయొద్ద తగిన జవాబు లేకపోయెను. కడుగు చేతులు లేని యింటివారికి, బండిని ఎండలో నిలుపక తప్పనివారికి, ఆ పూత వ్యర్థ వ్యయమని మేము చెప్పము. మార్చి మాసమున రెండు శనివారములు బండి కడుగబడకయే నిలిచిన సంగతి గూడ ఇక్కడ ఒప్పుకొనుచున్నాము.

కడుగు పద్ధతి మాత్రము ఇప్పుడు స్థిరపడినది. మొదట పైనుండి నీళ్లు పోసి దుమ్మును జార్చుట, చేయి తగిలింపకుండుట. పిమ్మట రెండు బాల్చీలు, ఒకదానిలో కార్లకు వాడు షాంపూ నీరు, ఒకదానిలో మంచినీరు; బట్టను ప్రతిమారును మంచినీట జాడించి ఇసుక వదలిన తరువాతనే షాంపూలో ముంచుట. పైకప్పు మొదట, చక్రములు కడపట, చక్రముల బట్ట వేరు. ఎండలో కడుగరాదు. కడపటి జాడింపునకు మేడమీద పట్టిన వాననీరు దొరికిన కాలమున అదే వాడుచున్నాము; మచ్చలు పడుట లేదు. వెంటనే మెత్తని బట్టతో ఒత్తి తుడుచుట. బట్ట నేలబడినచో ఆ దినమునకు దానిని వాడరాదను నియమమును పిల్లలే చేసికొనిరి.

తొమ్మిదవ తరగతివారి కోరికమీద వెనుక తలుపుల జతలో ఎడమదానికి మైనము పూయక విడిచిపెట్టితిమి. కుడిదానికి రెండు మాసములకొకమారు పూయుచున్నారు. రెండును ఒకే యెండలో, ఒకే దుమ్ములో తిరుగుచున్నవి. ప్రతి మాసము మొదటి శనివారమున రెంటిమీదను గరిటెడు నీరు పోసి, నిలిచిన బొట్ల ఆకారమును నోటుపుస్తకమున గీయుచున్నారు. ఎడమ తలుపుమీద నీరు ఇప్పుడు పలుచగా పరచుకొనుచున్నది, కుడిదానిమీద బొట్లు గట్టుచున్నది. సున్నపు మచ్చలు కుడిదానిమీద ఏడు, ఎడమదానిమీద ఇరువదిరెండు లెక్కకు వచ్చినవి. గీతలలో మాత్రము రెంటికిని భేదము కనబడలేదు. నోటుపుస్తకము సైన్సు గది బీరువాలో నున్నది. చూడగోరు తలిదండ్రులు శనివారము ఉదయమున రావచ్చును.